కాల్చిన కవర్లకు రీసైక్లింగ్ సర్టిఫికెట్ రాదు

సందేహం: మాది మీడియం స్థాయి చిరుతిళ్ల కంపెనీ. మూడు పొరల పౌచ్‌లు రీసైకిల్ కావని ఏజెంట్ చెబితే, 2024-25లో వాడిన కవర్ల బరువు మొత్తానికీ, అంత ప్లాస్టిక్‌ను కొలిమిలో కాల్చినట్టు సిమెంట్ ఫ్యాక్టరీ సర్టిఫికెట్లు తీసుకున్నాం. అయినా పర్యావరణ పరిహారం కట్టమని ఆర్డర్ వచ్చింది. నిజాయితీగా ఖర్చు పెట్టినందుకు ఇదా ఫలితం? నాన్నగారు కష్టపడి పెట్టిన కంపెనీ, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పాత తేదీతో రీసైక్లింగ్ సర్టిఫికెట్లు ఇప్పిస్తానని ఏజెంట్ అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. అవి తీసుకుంటే ఇప్పుడున్న రీసైక్లింగ్ లోటుకు తప్పుడు సమాచారం ఇచ్చారన్న ఆరోపణ కూడా తోడవుతుంది, రిజిస్ట్రేషనే రద్దు కావచ్చు. సర్టిఫికెట్ రిజిస్టరైన ప్రాసెసర్ (ప్లాస్టిక్ వ్యర్థాలను రీసైకిల్ చేసే లేదా కాల్చే సంస్థ) ఖాతా నుంచి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్ ద్వారా మీ ఖాతాలోకి రావాలి. ఏజెంట్ వాట్సాప్‌లో పంపే పీడీఎఫ్ చెల్లదు.

మీరెంత ఖర్చు పెట్టారన్నదానితో ఈ కేసు తేలదు, మీ దగ్గరున్నది ఏ రకం సర్టిఫికెట్ అన్నదే తేలుస్తుంది. పౌచ్‌లో బయట పాలిస్టర్, మధ్యలో అల్యూమినియం రేకు, లోపల పాలిథిలిన్ ఉంటే అది మూడో కేటగిరీ, అంటే ప్లాస్టిక్‌తో పాటు వేరే పదార్థం పొర కూడా ఉన్న ప్యాకింగ్. ప్లాస్టిక్ కవర్లు వాడే కంపెనీలే వాటి వ్యర్థాలకు బాధ్యత వహించాలనే ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల 2022 సవరణ ప్రకారం ఈ కేటగిరీలో 2024-25కి కనీసం 30 శాతం రీసైక్లింగే జరగాలి. సిమెంట్ కొలిమిలో కాల్చడం ఆ లెక్కలోకి రాదు, మిగతా భాగానికే పనికొస్తుంది. పాలిథిలిన్ 130 డిగ్రీల లోపే కరుగుతుంది, పాలిస్టర్‌కు దాదాపు 250 కావాలి, పైగా పొరలన్నీ అతుక్కుని ఉంటాయి, కాబట్టి కష్టమన్న మాట నిజమే. కానీ కష్టమని రూల్ మినహాయింపు ఇవ్వలేదు. ఆ శాతం 2025-26కి 40, తర్వాతి ఏడాది 50, 2027-28 నుంచి 60. రెండు పేజీలు చదివితే తెలిసేదాన్ని ఏజెంట్ నోటిమాటకు వదిలేశారు!

ఇంత రాసి, ఆర్డర్ ఏ తేదీన అందిందో మాత్రం రాయలేదు. అది పర్యావరణ పరిరక్షణ చట్టం సెక్షన్ 5 కింద ఇచ్చిన ఆదేశమైతే అందిన రోజు నుంచి 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీల్ వేయాలి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా తీసుకోవచ్చు, ఆ పైన ఎంత ఏడ్చినా తీసుకోరు. ఆర్డర్ వచ్చిన కవరు మీది పోస్టల్ ముద్ర, ఈమెయిల్ వచ్చిన సమయం భద్రపరచండి. పోర్టల్ ఖాతా వివరాలు, ఏజెంట్ ఒప్పందం, జీఎస్టీ ఇన్వాయిస్‌లు, పౌచ్ తయారీదారు ఇచ్చిన పొరల వివరం కూడా ఒకచోట పెట్టండి. అయితే మీ రీసైక్లింగ్ నిజంగానే 30 శాతం కంటే తక్కువై ఉంటే అప్పీల్ మీద పెద్ద ఆశ పెట్టుకోకండి, లెక్కలో తప్పుంటేనే దానికి బలం.

పరిహారం కట్టేస్తే గొడవ వదిలిపోతుందనీ అనుకోకండి. తీరని లోటు మూడేళ్ల దాకా మీ వెంటే వస్తుంది. ఆ లోటుకు సరిపడా అసలైన మూడో కేటగిరీ రీసైక్లింగ్ సర్టిఫికెట్లు ఇప్పుడే కొనండి. పరిహారం విధించిన ఏడాదిలోపు పూరిస్తే కట్టినదాంట్లో 75 శాతం తిరిగొస్తుంది, రెండో ఏడాది 60, మూడో ఏడాది 40. ఏజెంట్ ఒప్పందంలో రీసైక్లింగ్ చేయిస్తానని రాసి ఉంటే ఉల్లంఘన జరిగిన మూడేళ్లలోపు అతని మీద నష్టపరిహారం దావా వేయొచ్చు. నోటిమాటే అయితే అతని మెసేజ్‌లు డిలీట్ చేయకండి, పాత తేదీ సర్టిఫికెట్ల గురించి పంపిన మెసేజ్‌తో సహా.