జరిగిందంతా మొదటి రోజే చెప్పక్కర్లేదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, నాకు 29. చిన్నప్పుడు నాయన తాగొచ్చి కొట్టి, రాత్రంతా కొట్టంలో వేసి గొళ్లెం పెట్టేవాడు. నా భర్త మంచివాడే. అయినా తలుపు గట్టిగా పడితే బిగుసుకుపోతాను. ఒక కౌన్సెలర్ మొదటి రోజే అన్నీ చెప్పించారు. వారం రోజులు నిద్రలేదు. ‘కన్నతండ్రే కదా, మర్చిపో’ అంటుంది అమ్మ. నాకు పిచ్చా? మళ్లీ వెళ్లాలా?

జవాబు: పిచ్చి కాదమ్మా. తప్పించుకునే దారి లేక ఏళ్లతరబడి దెబ్బలు తిన్నవాళ్లలో ఇది కనిపించేదే. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే జబ్బుల జాబితాలో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ (ఏళ్లతరబడి సాగిన హింస మనసులో మిగిల్చే గాయం) వేరుగా ఉంది. పాతది మళ్లీ జరుగుతున్నట్టుండటం, దాన్ని గుర్తుచేసేవాటిని తప్పించుకు తిరగడం, ఊరికే ఉలికిపడటం దీని లక్షణాలు. వీటికి తోడు కోపం, దుఃఖం అదుపులో ఉండవు, ‘నేను పనికిరాను’ అనిపిస్తుంది, అయినవాళ్లకు కూడా దగ్గర కాలేరు. మీది అదేనా అన్నది సైకియాట్రిస్టో క్లినికల్ సైకాలజిస్టో మాట్లాడి తేల్చాలి.

మళ్లీ వెళ్లండి, కానీ వేరేవాళ్ల దగ్గరికి. మొన్న వరుస తప్పింది. ముందు నిద్ర, భద్రత, భయం వస్తే తేరుకునే సాధన కుదరాలి. గతం జోలికి ఆ తర్వాతే, అదీ కొంచెం కొంచెంగా. ఫోన్లోనే అడగండి: ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లు కదిలిస్తూ పాత జ్ఞాపకాల బాధ తగ్గించే చికిత్స)లలో శిక్షణ ఉందా? ఆపమంటే ఆపుతారా? చివరి పది నిమిషాలు నన్ను కుదుటపరిచి పంపుతారా? ‘మీ నాయన్నీ తీసుకురండి, కలిపి మాట్లాడదాం’ అంటే ఆ గడప తొక్కకండి.

బిగుసుకుపోయినప్పుడు కళ్లు మూయకండి, మూస్తే ఆ కొట్టమే కనిపిస్తుంది. చెప్పులు విడిచి పాదాలు నేలకు అదమండి. కడప బండ చల్లదనం మడమ దగ్గర ఎంత, వేళ్ల దగ్గర ఎంత అని గమనించండి. కంటికి కనిపించే ఐదు వస్తువుల పేర్లు, ఇవాళ్టి తేదీ, మీ వయసు పైకి చెప్పండి. ఊపిరి నాలుగు అంకెలు లోపలికి, ఆరు బయటికి. ఊపిరి మీద ధ్యాస పెడితే కొందరికి కంగారు పెరుగుతుంది. అప్పుడు అది మానేసి ముఖాన చన్నీళ్లు చల్లుకోండి. ఈ సాధన మనసు బాగున్నప్పుడే రోజూ రెండుసార్లు చేయాలి. భయం ముంచుకొచ్చాక నేర్చుకుందామంటే కుదరదు.

మీ భర్తకు ఒక్క మాట: అలాంటప్పుడు వెనకనుంచి పట్టుకోవద్దు. ఎదురుగా వచ్చి, పేరు పెట్టి పిలిచి, ‘చెయ్యి పట్టుకోనా?’ అని అడగాలి.

నిద్రకని మెడికల్ షాపులో అల్ప్రాజోలం (కంగారు తగ్గించి మత్తునిచ్చే మాత్ర) కొనకండి. అలవాటు పడుతుంది, ఈ బాధను తగ్గించదు. కడప రిమ్స్‌లో, కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఓపీ రద్దీలో గంటసేపు మాట్లాడటం కష్టం. థెరపీకి విడిగా సమయం అడగండి. చెప్పినవి గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే అంటోంది. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంటు దాకా ఆగకండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక అమ్మ మాట. క్షమించడం చికిత్సలో భాగం కాదు, క్షమించకపోయినా కోలుకుంటారు. ‘ఆ సంగతి ఇప్పుడు మాట్లాడనమ్మా’ అని చెప్పి, మాట మార్చండి. పండక్కి పుట్టింటికి వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళ్తే, రాత్రి ఉండకుండా వచ్చేందుకు తిరుగు బస్సు వేళ ముందే చూసుకొని వెళ్లండి.