ఒంట్లో బలముంది, టీకా ఎందుకంటున్నాడు!

ప్రశ్న: మా చెల్లెలికి ఏడో నెల. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఇంట్లోవాళ్లంతా కోరింత దగ్గు, ఫ్లూ టీకాలు వేయించుకోమన్నారు డాక్టరు గారు. మా తమ్ముడేమో ‘దగ్గొస్తే నాకు దానంతటదే తగ్గిపోతుంది, టీకా ఎందుకు’ అంటున్నాడు. ఎలా చెప్పాలండీ?

జవాబు: అతని బలం మీద వాదన పెట్టుకోకండి, తేలదు. పెద్దవాళ్లలో కోరింత దగ్గు చాలాసార్లు మామూలు దగ్గులాగే ఉంటుంది. తంటా అక్కడే. తనకుందని తెలియకుండానే బిడ్డనెత్తుకుంటాడు. నెలల పసికందుకైతే దగ్గు కూడా రాకుండా ఊపిరి ఆగి, ఒళ్లు నీలమెక్కవచ్చు. బిడ్డకు సొంత టీకా ఆరు వారాలకో రెండు నెలలకో గానీ మొదలవదు. ఫ్లూ టీకాకైతే ఆరు నెలలు నిండాలి.

‘సమాజం కోసం’ అంటే చెవికెక్కదు. ‘రేపు మేనల్లుడినో మేనకోడలినో ఎత్తుకునేది నువ్వేగా’ అనండి. తప్పు మోపినట్టు మాత్రం అనకండి, మొండికేస్తాడు. అసలు కారణం సూదంటే భయమో, సెలవు దొరకకపోవడమో కూడా కావచ్చు, ముందు అదడగండి. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం ఒకటి రెండు రోజులుంటాయి కాబట్టి సెలవుకు ముందు రోజు చూసుకుంటే మేలు. రక్షణ ఏర్పడడానికి రెండు వారాలు పడుతుంది. కానుపు తేదీ నుంచి వెనక్కి లెక్కేసి రోజు ఖాయం చేయండి.

టీకా వేసుకుంటే ఇక అంటించనే అంటించడని మాత్రం చెప్పకండి. ఇప్పుడు పెద్దలకు వేసే కోరింత దగ్గు టీకా జబ్బును ఆపినంత గట్టిగా వ్యాప్తిని ఆపదు. అందుకే ముఖ్యమైనది మీ చెల్లెలు 27-36 వారాల మధ్య వేయించుకోవలసిన టీడాప్, అంటే కోరింత దగ్గు, ధనుర్వాతం, డిఫ్తీరియాలకు కలిపి వేసే టీకా. దానివల్ల తయారైన యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరతాయి.

ప్రశ్న: అందరూ వేయించుకుంటున్నారుగా, నా ఒక్కడి వల్ల ఏమవుతుంది?

జవాబు: తట్టు సంగతి చూడండి. అది వ్యాపించకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. మిగిలిన ఐదు చోట్లూ ఖాళీగా లేవు. టీకా వయసు రాని పసిపిల్లలు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, రెండు డోసులు పడినా రక్షణ రాని నూటికి ముగ్గురు అప్పటికే అక్కడున్నారు. పైగా వద్దనేవాళ్లు తరచూ ఒకే చోట, ఒకే చుట్టరికంలో ఉంటారు. జబ్బు అక్కడే రాజుకుంటుంది. ధనుర్వాతానికి ఈ లెక్క కూడా లేదు. అది మనిషి నుంచి మనిషికి అంటేది కాదు, మట్టిలోంచి గాయంలోకి వచ్చేది. అక్కడ ఊరంతా వేయించుకున్నా మీకు ఒరిగేదేమీ లేదు.