బయానా తీసుకోకముందే మన వకీలును చూసుకో

బిడ్డా,

మల్కాజిగిరి ఇంటికి బేరం కుదిరిందని నిన్న ఫోన్లో చెప్పావు. వదిన మోకాళ్ళతో ఆ మెట్లు ఇక ఎక్కలేదు, అమ్మడం మంచిదే. కానీ "కొనేవాళ్ళ వకీలే కాగితాలన్నీ చూసుకుంటాడట చిన్నాయనా, మనకు ఖర్చే లేదు" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. గురువారం బయానా, అదే అడ్వాన్సు, చేతిలో పడేలోపు ఇది చదువు.

2012లో రామ్‌నగర్ ఫ్లాట్ అమ్మేటప్పుడు నేనూ ఇలాగే ఖర్చు మిగిలిందనుకున్నాను. ఐదు లక్షలు వచ్చాయన్న సంబరంలో బ్రోకరు తెచ్చిన స్టాంపు కాగితం మీద సంతకం పెట్టేశాను. మిగతా సొమ్ము 'బ్యాంకు లోను మంజూరైన తర్వాత' ఇస్తారని రాసి ఉంది. ఎప్పటిలోగా అన్నది లేదు. లోనూ రాలేదు, వాళ్ళూ వదల్లేదు. ఐదు నెలలు చూసి ఇంకొకరికి అమ్మబోతే, ఒప్పందం ప్రకారం మాకే రిజిస్టర్ చేయాలంటూ నోటీసు వచ్చింది. అప్పుడు పరిగెత్తాను వకీలు దగ్గరికి. ఆ పెద్దాయన కాగితం రెండుసార్లు చదివి, "ఇందులో మీ కోసం రాసిన వాక్యం ఒక్కటి చూపించండి" అన్నాడు. నాకూ కనబడలేదు. తీసుకున్న ఐదుకు ఇంకో లక్షన్నర కలిపి ఇచ్చి బయటపడ్డాను. ముందే వస్తే ఎంత తీసుకునేవారని అడిగితే ఆయన చెప్పిన అంకె విని మీ చిన్నమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

కొనేవాళ్ళ వకీలు చెడ్డవాడని కాదు. ఆయన ఫీజు వాళ్ళిస్తారు, వాళ్ళకేం కావాలో అది చూస్తాడు. బ్యాంకు వకీలు బ్యాంకు డబ్బు చూస్తాడు. డాక్యుమెంట్ రైటర్ నువ్వు చెప్పింది పద్ధతిగా రాసిపెడతాడు, నువ్వు చెప్పనిది అడగడు. బ్రోకరు సంగతి నీకు తెలిసిందే.

ఇక మన ఇంటి సంగతి. అన్న వీలునామా రాయలేదు. ఇల్లు వదినకు, నీకు, తమ్ముడికి వచ్చిందని మనమంతా అనుకుంటున్నాం. కానీ అన్న పోయేనాటికి మా అమ్మ బతికే ఉంది కదా. హిందూ వారసత్వ చట్టంలో భార్యాపిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా ఉంటుంది. అంటే నాలుగో వంతు మీ నాయనమ్మది. ఆమె కూడా వీలునామా రాయకుండానే పోయింది కాబట్టి ఆ వంతులో మూడో భాగం నాకు, మూడో భాగం మీ అత్తకు, మిగిలింది అన్న పిల్లలుగా మీకు వస్తుంది. లెక్కేస్తే మీ ఇంట్లో నాకు పన్నెండో వంతు ఉంది! మొన్న నా స్నేహితుడి కొడుకు, సివిల్ వకీలు, మాటల్లో చెప్పేదాకా నాకే తెలియదు. నాకు అందులో పైసా వద్దు. కానీ వద్దని నోటితో అంటే చాలదు, వాటా వదులుకుంటున్నట్టు రిలీజ్ డీడ్ రాసి రిజిస్టర్ చేయాలి, లేదా నేనూ అత్తా సేల్ డీడ్‌లో సంతకం పెట్టాలి. ఇది తేలకుండా 'మేమే వారసులం' అని సంతకం పెడితే రేపు జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

వకీలు దగ్గరికి వెళ్ళేటప్పుడు అన్న కొన్న దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల పాత దస్తావేజులు), ఈసీ (ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్), టాక్స్ రసీదు, అన్నదీ నాయనమ్మదీ మరణ ధ్రువపత్రాలు, అన్నీ జిరాక్సులే పట్టుకెళ్ళు. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకు. దస్తావేజులో ఉన్నది పాత మల్కాజిగిరి మునిసిపాలిటీ ఇంటి నంబరు, 2007లో జీహెచ్ఎంసీలో కలిశాక నంబరు మారింది. రెండూ ఒకే ఇల్లని కాగితం మీద చూపించమను. అన్న తీసుకున్న హౌసింగ్ లోను తీరిపోయింది గానీ, తాకట్టు విడుదలైనట్టు ఈసీలో కనబడుతోందో లేదో చూడాలి.

ఆస్తి కేసులు చూసే సివిల్ వకీలే కావాలి. బ్రోకరు చూపించినవాణ్ణి వద్దను. ఫీజు అమ్మకం ధరలో శాతంగా కాకుండా, ఒప్పందం రాయడానికి ఇంత, రిజిస్ట్రేషన్ దాకా ఇంత అని ముందే మాట్లాడుకో.

ఒప్పందంలో గడువు తేదీ అంకెల్లో ఉండాలి, ఆ తేదీ దాటితే బయానా ఏమవుతుందో రాసి ఉండాలి. స్థిరాస్తి విషయంలో గడువు దాటగానే ఒప్పందం పోయినట్టు కోర్టులు మామూలుగా అనుకోవు. 2018లో చట్టం మార్చాక ఒప్పందం అమలు చేయమని అడిగేవాళ్ళ చేయి ఇంకా బలపడింది. పూర్తి సొమ్ము రాకుండా తాళాలు ఇవ్వొద్దు. కొంత నగదుగా ఇస్తామంటారు, ఒప్పుకోకు. ఇంటి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు.

తమ్ముడు డల్లాస్ నుంచి రాలేనంటే పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. ఈ ఒక్క ఇంటి అమ్మకానికి మాత్రమే అని రాయించండి. అక్కడి మన కాన్సులేట్‌లో ధ్రువీకరించుకుని, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఇంకోటి, ధర 50 లక్షలు దాటింది కాబట్టి మన వాటాల్లో కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. ఎన్నారై కాబట్టి వాడి వాటాకు ఆ లెక్క వర్తించదు, చాలా ఎక్కువే పోతుంది. తక్కువ పట్టుకునేలా సర్టిఫికెట్ కోసం ముందే దరఖాస్తు పెట్టొచ్చు. ఇది సీఏతో మాట్లాడే విషయం, వకీలుతో కాదు.

గురువారం వాళ్ళకు ఫోన్ చేసి పది రోజులు టైమ్ అడుగు. నిజంగా కొనేవాళ్ళైతే ఆగుతారు. మీ అత్తతో నేను మాట్లాడతాను, ఆమె ఆధార్, పాన్ నా దగ్గరే ఉన్నాయి. ఆదివారం ఈసీ పట్టుకుని మా ఇంటికి రా, భోజనం ఇక్కడే.

మీ చిన్నాయన