చలి తీరితేనే పురుగుకు తెల్లవారేది

ప్రశ్న: చలికాలం మధ్యలో వారం రోజులు బాగా ఎండ కాసింది. ఆపిల్ చెట్ల బెరడు కింద గూళ్లలో ఉన్న కాడ్లింగ్ మాత్ (కాయ తొలిచే) పురుగులు మేల్కొంటాయని, ఆడ పురుగు వాసనతో మగవాటిని లాగే లింగాకర్షక బుట్టలు కట్టాం. ఒక్కటీ పడలేదు. మందు కొట్టే రోజు ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ఎండ చాలక కాదు, వాటి నిద్ర ఇంకా తీరలేదు. పగటి పొద్దు కురచవుతుండగానే ఈ పురుగు సుప్తావస్థలోకి వెళ్తుంది. ఆ తర్వాత వారాల తరబడి చలి తగిలితేనే ఆ మత్తు వదులుతుంది. వదిలాక కూడా బయట చల్లగా ఉంటే కదలదు. పైకి చూస్తే రెండు దశలూ ఒకేలా ఉంటాయి, చిక్కంతా అక్కడే.

తేల్చుకోవాలంటే రెండు వారాలకోసారి 20 గూళ్లు బెరడు ముక్కలతో సహా తెచ్చి, మూతికి పలుచని గుడ్డ కట్టిన సీసాలో 25 డిగ్రీల వేడిలో ఉంచండి. నిద్ర తీరని విడతలో రెక్కల పురుగులు ఒకటీ అరా, అదీ ఎప్పటికో వస్తాయి. తీరిన విడతలో దాదాపు అన్నీ కొద్ది రోజుల తేడాతో వచ్చేస్తాయి. సీసా దగ్గర రాత్రిపూట దీపం ఉంచకండి. పొద్దు పొడుగైందనుకుని కొన్ని ముందే లేస్తాయి, మీ లెక్క తప్పుతుంది. లోపల తడి ఎక్కువైతే బూజు పడుతుంది.

మందుకు మాత్రం బుట్టల్లో వరుసగా మగ పురుగులు పడటం మొదలైన రోజే లెక్కకు మొదలు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటులోంచి 10 తీసేయండి. గరిష్ఠం 24, కనిష్ఠం 12 అయితే సగటు 18, ఆ రోజు లెక్క 8. ఇలా రోజువారీ లెక్కలు కూడుతూ పోతే, మొత్తం సుమారు 130కి చేరేసరికి గుడ్లు పగలడం మొదలవుతుంది, మందు కొట్టాల్సింది అప్పుడే. అంటే రోజూ ఇదే వేడి ఉంటే 16 రోజులు. సగటు 10కి దిగువన ఉన్న రోజుకు సున్నా వేయాలి. చాలామంది మైనస్ వేసి, మందు ఆలస్యం చేసుకుంటారు. అప్పటికి పురుగు కాయలోకి దూరిపోతుంది.

ప్రశ్న: వేరుశనగలో ఎర్రగొంగళికీ ఇదే లెక్కా?

జవాబు: కాదు. దాని ప్యూపాలు (గొంగళి రెక్కల పురుగుగా మారే ముందు దశ) నేలలో ఎండాకాలమంతా పడుకుంటాయి, వాటిని బయటికి రప్పించేది వాన. మంచి వాన పడి నేల తడిశాక కొద్ది రోజులకే తల్లి పురుగులు గుంపుగా వస్తాయి. దీపపు ఎరలు వాన పడ్డ రాత్రి నుంచే వెలగాలి. అంతకన్నా మేలు వేసవి లోతు దుక్కి: పైకి తేలిన ప్యూపాల్ని ఎండ మాడుస్తుంది, మిగిలినవి పక్షులు తింటాయి. వాన పడ్డాక దున్నితే ఈ లాభం చాలావరకు పోయినట్టే.