బంపర్ మీద గీతకు క్లెయిమ్ ఎందుకండీ?

ప్రశ్న: సెల్లార్‌లో పిల్లర్‌కు తగిలి మా కారు వెనక బంపర్ గీసుకుపోయింది. పెయింటింగ్‌కు షోరూమ్‌లో రూ.6,000, టింకరింగ్ షెడ్‌లో రూ.3,000 అడుగుతున్నారు. మూడేళ్లుగా క్లెయిమ్ లేదు, రెండు నెలల్లో రెన్యువల్. ఓన్ డ్యామేజ్ ప్రీమియం (సొంత కారుకు జరిగే నష్టానికి కట్టేది) నో క్లెయిమ్ బోనస్ తీయకముందు రూ.10,000. జీరో డెప్ (పాతబడిన తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే అదనపు కవర్) లేదు. క్లెయిమ్ చేసేయనా?
– ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: వద్దమ్మా. ఈ రెండు నెలలు కూడా క్లెయిమ్ లేకుండా గడిస్తే మీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 35 నుంచి 45 శాతానికి పెరుగుతుంది. అంటే రూ.4,500 తగ్గింపు. క్లెయిమ్ చేస్తే అది సున్నా.

పోనీ కంపెనీ మొత్తం ఇస్తుందా అంటే, అదీ లేదు. షోరూమ్ వాళ్ల రూ.6,000 పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును మెటీరియల్‌గా లెక్కేసి, అందులో సగం తరుగు కింద కోస్తారు. అది రూ.750. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత మరో రూ.1,000. మీకొచ్చేది రూ.4,250. మొదటి ఏడాదే అంతకన్నా ఎక్కువ పోతుంది. ఆపైన బోనస్ మళ్లీ 20, 25, 35 అంటూ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఆ నష్టం వేరే.

ముందు గీత మీద గోరు పెట్టి లాగి చూడండి. గోరు గీతలో తగులుకోకపోతే రబ్బింగ్, పాలిష్‌తోనే చాలావరకు పోతుంది. పెయింట్ పనే లేదు. తగులుకుంటే షెడ్‌కే ఇవ్వండి. కానీ ఒక్క మాట గట్టిగా అడగండి: 'ప్లాస్టిక్ ప్రైమర్ కొడతారా?' బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు, దానికి రంగు సులువుగా అంటుకోదు. ప్రైమర్ మానేస్తే కొన్నాళ్లకు ఉల్లిపొరలా లేచిపోతుంది, మీ మూడు వేలూ వృథా. రంగు కూడా కారు మీదుండే కలర్ కోడ్ చూసి కలపమనండి, బండి తీసుకునేటప్పుడు ఎండలో పెట్టి చూసుకోండి. సెన్సార్లుంటే వాటి మీద మందంగా రంగు పడనీయొద్దు.

బంపర్ కొద్దిగా చీలినా కొత్తది కొనేయకండి, ప్లాస్టిక్ వెల్డింగ్‌తో అతికిస్తారు. అదే బంపర్‌తో పాటు డిక్కీ డోర్, లైట్లు కూడా పోయి బిల్లు ముప్పై, నలభై వేలు దాటితే మాత్రం మొహమాటపడకుండా క్లెయిమ్ చేయండి. ప్లాస్టిక్ భాగాలకు సగం ధర కోసేస్తారు కాబట్టి, వీలుంటే ఈ రెన్యువల్‌లో జీరో డెప్ అడగండి. ఈసారి బోనస్‌లో మిగిలే డబ్బులోంచే కట్టొచ్చు.