లేసు వేలానికి పెట్టే ముందు: పోస్టేజీ, ఫీజులు పోగా చేతికి వచ్చేదెంత?

మీరు అడిగింది ఇది కదా: పాలకొల్లు దగ్గర మీ పిన్నిగారూ, వాళ్ల వీధిలో ఇంకొందరు ఆడవాళ్లూ కలిసి అల్లిన లేసు టేబుల్ కవర్లు ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో వేలానికి పెట్టాలనుకుంటున్నారు, షిప్పింగ్ ఎంత వేయాలో తెలియట్లేదు, కమిషన్ అమ్మిన ధర మీదే అనుకుంటే సైట్ ఇంకా ఎక్కువ చూపిస్తోంది, ఎవరో మాత్రం "ఫ్రీ షిప్పింగ్ పెట్టి ఒక్క డాలరు నుంచి మొదలుపెట్టు, పాట అదే పెరుగుతుంది" అని చెప్పారు.

ఆ చివరి మాట మాత్రం వినకండి. నేను నరసాపురంలో ఉండి కొన్నేళ్లుగా లేసు ఇలాగే అమ్ముతున్నాను కాబట్టి చెబుతున్నా. మన రేవులో చేపల పాట చూసే ఉంటారు, పాడుకున్నవాడు డబ్బిచ్చి గంప ఎత్తుకుపోతాడు, అమ్మినవాడి పని అక్కడితో అయిపోయింది. ఆన్‌లైన్ వేలంలో గంప మోసుకెళ్లి వాళ్ల గుమ్మంలో దింపాల్సింది మనమే, ఆ ఖర్చు పాట ఎంత దగ్గర ఆగినా మారదు.

ముందు కమిషన్ సంగతి. దాన్ని ఫైనల్ వాల్యూ ఫీజు అంటారు. అది పాట ఆగిన ధర మీద ఒక్కదాని మీదే కాదు, కొన్నవాళ్లు కట్టిన మొత్తం మీద పడుతుంది, అంటే వస్తువు ధర, షిప్పింగ్, వాళ్ల దేశంలో పన్ను, మూడూ కలిపి. ఆ పన్ను మీ చేతికి రాదు, సైటే వసూలు చేసి వాళ్ల ప్రభుత్వానికి కట్టేస్తుంది, అయినా కమిషన్ లెక్కలో మాత్రం ఉంటుంది. పన్ను మీద కమిషన్ తీసుకోవడం నాకు ఇప్పటికీ నచ్చదు. షిప్పింగ్ మీద తీసుకోవడానికి మాత్రం ఒక కారణం ఉంది, ఒకప్పుడు వస్తువు ఒక డాలరు, షిప్పింగ్ ఇరవై డాలర్లు అని పెట్టి కమిషన్ ఎగ్గొట్టేవాళ్లు, అందుకని 2011 నుంచి షిప్పింగ్‌ని కూడా కలిపేశారు. అమెరికా సైట్‌లో చాలా కేటగిరీలకు ఇది 13 శాతం పైచిలుకు ఉంటుంది, కేటగిరీని బట్టి, మీ ఖాతా ఏ దేశానిది అన్నదాన్ని బట్టి మారుతుంది, కాబట్టి మీ ఖాతాలో ఫీజుల పేజీ తెరిచి మీ రేటు మీరే చూసుకోండి. దీనిపైన ఆర్డరుకి ఇంత అని చిన్న మొత్తం ఉంటుంది, పది డాలర్ల లోపు ఆర్డరుకి 30 సెంట్లు, దాటితే 40 సెంట్లు. లిస్టింగ్ నెలకి 250 దాకా ఉచితం, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అది చాలు, పైగా కొత్త ఖాతాకి నెలకి ఇన్ని వస్తువులు, ఇంత విలువ అని పరిమితి కూడా ఉంటుంది. రిజర్వు ధర, అంటే ఇంతకు తక్కువైతే అమ్మను అని పెట్టుకునే ధర, పెడితే దానికి విడిగా ఫీజు ఉంది, వస్తువు అమ్ముడుపోకపోయినా అది పోతుంది, అందుకే నేను రిజర్వు జోలికి వెళ్లను, మొదటి పాట ధరనే సరిగ్గా పెడతాను.

ఒక కవరు తీసుకుని లెక్క వేద్దాం, అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. గుండ్రటి టేబుల్ కవరు, ఆస్ట్రేలియాలో ఒకావిడ 24 అమెరికా డాలర్లకి పాడుకున్నారు అనుకోండి, షిప్పింగ్ 12 డాలర్లు పెట్టాం. మొత్తం 36, దాని మీద అక్కడి జీఎస్టీ 10 శాతం, 3.60. ఆవిడ కట్టింది 39.60. కమిషన్ 13.6 శాతం అనుకుంటే 5.39, ఆర్డరు ఫీజు 40 సెంట్లతో కలిపి 5.79. మనకి మిగిలేది 36 లోంచి అది పోగా 30.21 డాలర్లు. డాలరు 85 రూపాయలు అనుకుందాం, లెక్క సులువుగా ఉంటుందని, 2,568 రూపాయలు. మన దేశం అమ్మకందార్లకి డబ్బు పేయోనీర్ అనే చెల్లింపుల కంపెనీ ద్వారా వస్తుంది, డాలర్లు రూపాయలుగా మారేటప్పుడు వాళ్లు కొంత తీసుకుంటారు, రెండు శాతం అనుకుంటే 51 పోయి 2,517. పోస్టు 950, ప్యాకింగ్ 60 అనుకోండి, 1,507 మిగిలింది. దారం, కూలి కలిపి 1,100 అయితే చివరికి మీకు 407.

ఇప్పుడు అదే కవరు, అంతే పోస్టేజీ, పాట పది డాలర్ల దగ్గర ఆగిపోయింది. కట్టింది 24.20, ఫీజులు 3.69, మీకు వచ్చేది 18.31 డాలర్లు, అంటే 1,556 రూపాయలు, మారకం పోగా 1,525, పోస్టూ ప్యాకింగూ పోగా 515. దారం, కూలి మాత్రం అదే 1,100. చేతి నుంచి 585 పడింది. ఒక్క డాలరు నుంచి మొదలుపెట్టినప్పుడు పాట పది దగ్గర ఆగదన్న హామీ ఎవరిస్తారండి? కొత్త ఖాతా, ఒక్క రివ్యూ కూడా లేదు, ఇద్దరు పాడేవాళ్లు దొరికితేనే పాట పెరుగుతుంది. ఇక ఫ్రీ షిప్పింగ్ కూడా పెట్టారంటే ఆ 12 డాలర్లు కూడా మీ నెత్తినే.

మన లేసు పనిలో ఒక సంగతి మీకు చెప్పక్కర్లేదు అనుకుంటా, మీ పిన్నిగారికి నాకంటే బాగా తెలుసు. చేతిపని చేసేవాళ్లు పువ్వులు అల్లుతారు, అతుకుపని చేసేవాళ్లు వాటిని కలిపి కవరుగా తయారుచేస్తారు, తర్వాత ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసేవాళ్లు వేరు. పైనున్న కొనుగోలుదారు ధర తగ్గించినప్పుడల్లా మధ్యవాళ్ల వాటా తగ్గలేదు, పువ్వుకి ఇచ్చే రేటే తగ్గింది. ఇప్పుడు మధ్యవాళ్లు లేకుండా మనమే నేరుగా అమ్ముకుంటున్నాం అని సంతోషపడి, పోస్టేజీ లెక్క తప్పితే ఆ నష్టం మళ్లీ సూది పట్టుకున్నావిడ కూలి మీదకే వస్తుంది. అందుకని కూలి, దారం, పోస్టు, ప్యాకింగు, ఫీజులు అన్నీ కలిపి, నష్టం రాని ధర ఎంతో అదే మొదటి పాట ధరగా పెట్టండి. పై లెక్క ప్రకారం ఆ కవరుకి మొదటి ధర 18.30 డాలర్ల దిగువన పెట్టకూడదు. ఆ ధరకి ఎవరూ పాడకపోతే కవరు మీ దగ్గరే ఉంటుంది, అది నష్టం కాదు, మళ్లీ పెట్టొచ్చు, లేదా వేలం మానేసి స్థిర ధరకి పెట్టొచ్చు. నిజానికి ఒకే రకం డొయిలీలు, అంటే చిన్న లేసు గుడ్డలు, పది ఉంటే వేలం కంటే స్థిర ధరే మేలు. వేలం ఒక్కటే ఉన్న పెద్ద పనికి, పాత నమూనాకి, వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్న వస్తువుకి పనికొస్తుంది.

ఇక షిప్పింగ్ ఎంత వేయాలి అన్నది. కవరు బరువు కాదు, ప్యాక్ చేసిన పార్శిల్ బరువు చూడాలి, టేపు, అట్ట, చిరునామా కాగితం అన్నీ అంటించాక. గ్రాము దాకా చూపించే చిన్న కాటా ఒకటి కొనుక్కోండి. విదేశాలకి వెళ్లే స్పీడ్ పోస్టు రేటు 250 గ్రాముల మెట్లుగా పెరుగుతుంది, 498 గ్రాములు ఒక మెట్టు, 505 గ్రాములైతే పై మెట్టు. ఆ ఏడు గ్రాములు ఎక్కువ అట్ట వల్ల రావచ్చు, ముసురు పట్టిన రోజుల్లో నూలు తేమ పీల్చుకోవడం వల్ల కూడా రావచ్చు. మన డెల్టాలో వానాకాలం బట్టకి బూజు వాసన ఎంత తొందరగా పడుతుందో తెలుసు కదా, ఎండ కాసిన రోజున బాగా ఆరబెట్టి, జిప్ కవరులో పెట్టి, సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, అప్పుడు తూకం వేయండి. రెండు కిలోల లోపు వాటికి తపాలా శాఖలో ట్రాక్డ్ ప్యాకెట్ అని ఇంకొకటి ఉంది, చాలా దేశాలకి స్పీడ్ పోస్టు కంటే తక్కువలో పోతుంది, ట్రాకింగ్ నంబరు వస్తుంది, కాకపోతే కొంచెం ఆలస్యం. తేలిక లేసుకి నేను ముందు దీన్నే అడుగుతాను.

ప్రైవేటు కొరియర్‌లో వేస్తే ఇంకో మెలిక. అసలు బరువు, ఘనపరిమాణం బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే కిలోలు వస్తాయి. లేసు మడత పడకూడదని గొట్టానికి చుట్టి పంపుదాం అనిపిస్తుంది, కానీ 60 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు ఉన్న గొట్టం 1.2 కిలోల లెక్కలోకి వస్తుంది, లోపల కవరు నాలుగు వందల గ్రాములే ఉన్నా. అదే కవరుని మధ్యలో పల్చటి కాగితం వేసి వదులుగా మడిచి, 30, 25, 3 సెంటీమీటర్ల పల్చటి పెట్టెలో పెడితే 0.45 కిలో. మడత గీతలు తడి గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే పోతాయి, ఆ ముక్క చిన్న కాగితం మీద రాసి లోపల పెడతాను.

కాగితాల సంగతి కూడా ముందే చూసుకోండి. వ్యాపారంగా విదేశాలకి పంపాలంటే ఐఈసీ అనే ఎగుమతి, దిగుమతి నంబరు కావాలి, కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ సైట్‌లో పాన్ కార్డు మీద తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. ఎగుమతి బిల్లు ఆన్‌లైన్‌లో వేసి దగ్గరి పోస్టాఫీసులోనే పార్శిల్ ఇవ్వడానికి తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టింది, మీకు దగ్గర్లో ఏ పోస్టాఫీసులో ఉందో హెడ్ పోస్టాఫీసులో అడగండి. కస్టమ్స్ ఫారంలో క్రోషే టేబుల్ కవరు హెచ్‌ఎస్ కోడ్ (ఏ రకం సరుకో కస్టమ్స్‌కి చెప్పే నంబరు) 6302.40 కింద వస్తుంది. కొన్నవాళ్లు కొందరు "గిఫ్ట్ అని రాయండి, విలువ తక్కువ వేయండి" అని మెసేజ్ పెడతారు, ఒప్పుకోకండి, దారిలో పార్శిల్ పోతే మీరు రాసిన విలువకే పరిహారం అడగగలరు.

అమెరికాకి అయితే ఇంకో ఖర్చు ఉంది. 800 డాలర్ల లోపు పార్శిళ్లకి అక్కడ సుంకం ఉండేది కాదు, 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. మన తపాలా శాఖ కొన్నాళ్లు బుకింగ్ ఆపేసి అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టింది, సుంకం ఇక్కడ బుకింగ్ అప్పుడే కట్టించుకునే పద్ధతిలో. రేట్లు మారుతూ వస్తున్నాయి కాబట్టి వేలం పెట్టే వారంలోనే కౌంటర్‌లో అడిగి, ఆ మొత్తం మీ లెక్కలో కలుపుకోండి. అందుకే అన్ని దేశాలకీ ఒకటే షిప్పింగ్ పెట్టడం నాకు నచ్చదు. మొదట్లో రెండు మూడు దేశాలు ఎంచుకుని, వాటికి విడివిడిగా రేటు పెట్టి, మిగతా దేశాలు మినహాయించండి.

ఫ్రీ షిప్పింగ్ స్థిర ధరకి పర్వాలేదు, పోస్టేజీ ధరలో కలిపేస్తారు, కమిషన్ ఎలాగూ మొత్తం మీదే కాబట్టి ఫీజులో తేడా రాదు. వేలంలో మాత్రం పోస్టేజీ విడిగానే చూపించండి. ఒకావిడే రెండు మూడు డొయిలీలు పాడుకుంటే రెండోదానికి పెరిగే బరువు కొద్ది గ్రాములే, కాబట్టి కంబైన్డ్ షిప్పింగ్ తగ్గింపు సెట్టింగ్స్‌లో పెట్టండి, అలా కొన్నవాళ్లు మళ్లీ వస్తారు.

హ్యాండ్లింగ్ టైము, అంటే డబ్బు కట్టాక ఎన్ని రోజుల్లో పోస్టు చేస్తామన్నది, అది కూడా ఖర్చే. ఒక్క రోజు అని పెట్టి నాలుగో రోజు పోస్టు చేస్తే ఖాతా రేటింగు పడిపోతుంది, రేటింగు మరీ దిగజారితే ఫీజు పెంచుతారు కూడా. మీరు పాలకొల్లు వైపు ఉన్నారు కాబట్టి ఇబ్బంది లేదు గానీ, అతుకుపని సఖినేటిపల్లి వైపు ఇచ్చి ఉంటే జూలై, ఆగస్టుల్లో వశిష్ఠ గోదావరికి వరద వచ్చి, ఏరు దాటించే పంటు ఆపేశారంటే సరుకు ఇటు రావడానికి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. ఆ రెండు నెలలు నేను ఐదు రోజులు పెడతాను. సరుకు చేతిలో లేకుండా వేలం మాత్రం మొదలుపెట్టను.

చివరగా రిటర్నులు. వర్ణనకి తగ్గట్టు లేదని వాళ్లు రిటర్ను అడిగితే తిరుగు పోస్టేజీ మీదే, అక్కడి నుంచి ఇక్కడికి ఆ ఖర్చు కవరు ధర కంటే ఎక్కువ కావచ్చు. లేసులో ఈ గొడవ దాదాపు ఎప్పుడూ రెండు విషయాల దగ్గరే వస్తుంది, రంగు, సైజు. తెలుపా, హాఫ్ వైటా అన్నది పగటి వెలుగులో, నల్ల గుడ్డ మీద ఫొటో తీసి చూపించండి. పక్కన టేపు పెట్టి అంగుళాలు కనపడేలా ఇంకో ఫొటో. చేత్తో అల్లింది కాబట్టి అర అంగుళం అటూ ఇటూ ఉంటుందని, ఉతికితే కొంచెం ముడుచుకుంటుందని వర్ణనలోనే రాయండి.

మీ కవర్ల సైజులు, ప్యాక్ చేశాక బరువు, ఒక్కోదానికి పిన్నిగారు వాళ్లు అడిగే కూలి ఎంతో కింద రాయండి, మొదటి ధర ఎంత పెట్టాలో ఒక్కోదానికి లెక్క వేసి చెబుతాను.