టెక్సస్ అటార్నీ జనరల్‌ని మనలాంటివాళ్లు ఒపీనియన్ అడగొచ్చా?

అడగలేమండీ. అటార్నీ జనరల్ అంటే రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద లాయరు, ఒపీనియన్ అంటే చట్టం ఏమంటుందో ఆ ఆఫీసు రాసిచ్చే అభిప్రాయం. మీ సబ్‌డివిజన్ (ఇళ్ల లేఅవుట్) రోడ్డుని కౌంటీ (మన జిల్లా లాంటిది) పట్టించుకోవట్లేదు, అటార్నీ జనరల్‌కే రాస్తే తేలిపోతుందా అన్నారు కదా, ఆ ముచ్చట నేనూ తీర్చుకున్నాను. మాదీ సిటీ లిమిట్స్ బయటే. రెండు ఆదివారాలు కూర్చుని, గుంతల ఫొటోలతో సహా ఆరు పేజీలు పంపాను. ప్రైవేటు వ్యక్తులకు సలహా ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు, లాయర్‌ని కలవండి అని చిన్న ఉత్తరం వచ్చింది.

తప్పించుకోవడానికి రాశారేమో అనుకున్నా. చూస్తే నిజమే. ఎవరు అడగొచ్చో టెక్సస్ చట్టం, గవర్నమెంట్ కోడ్ సెక్షన్ 402.042లో ఉంది: గవర్నరు, రాష్ట్ర శాఖల, బోర్డుల అధిపతులు, స్టేట్ యూనివర్సిటీల రీజెంట్లు, చట్టసభ కమిటీలు, కౌంటీ ఆడిటర్లు, ఇంకొందరు. జిల్లా, కౌంటీ అటార్నీల (అక్కడి ప్రభుత్వ లాయర్ల) సంగతి 402.043లో. వీళ్లకి తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదని 402.045 తెగేసి చెప్తుంది. నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే, సిటీ కౌన్సిల్ కూడా ఆ లిస్టులో లేదు. పోనీ అని మా కౌంటీ కమిషనర్‌ని పట్టుకుంటే, పాపం ఆయనా లేడు! స్టేట్ రిప్రజెంటేటివ్ అయినా ఒంటరిగా అడగలేడు, కమిటీ తరఫున ఛైర్మన్ అడగాలి. అయినా మన ఇండియాలో మాత్రం రాష్ట్ర అడ్వొకేట్ జనరల్‌కి మనం రాస్తే పలుకుతారా? రాజ్యాంగం ఆర్టికల్ 165 ప్రకారం ఆయన సలహా ఇచ్చేది ప్రభుత్వానికే.

చివరికి కౌంటీ అటార్నీ ఆఫీసుకి వెళ్లా. అక్కడి అసిస్టెంట్ అటార్నీ ఓపిగ్గా విని, "మీ రోడ్డుని కౌంటీ తీసుకుందా లేదా అన్నది జరిగిన విషయం. చట్టం ఏమంటుందో అటార్నీ జనరల్ ఆఫీసువాళ్లు చెప్తారు గానీ, ఏం జరిగిందో తేల్చరు" అంది. పైగా మా కౌంటీ అటార్నీ ఆఫీసు అడగాలంటే ముందు మేమే పరిశోధించి బ్రీఫ్ (చట్టపరమైన వాదన రాసిన పత్రం) జతచేయాలి, జవాబుకి వాళ్లకి 180 రోజుల గడువు, వచ్చినా కోర్టు దానికి కట్టుబడక్కర్లేదు అని లెక్క చెప్పింది. నా ఆరు పేజీలు మడిచి బ్యాగులో పెట్టేసుకున్నా.

ఒక్క దారి ఉంది. ఇలాంటి ప్రశ్నే వేరే కౌంటీవాళ్లు అడిగి ఉంటే, ఇంకా జవాబు రాని రిక్వెస్టులు ఆర్‌క్యూ (RQ) అని మొదలయ్యే నంబర్లతో అటార్నీ జనరల్ వెబ్‌సైట్లో ఉంటాయి. వాటి మీద ఎవరైనా బ్రీఫ్ పంపొచ్చు, మీరూ నేనూ కూడా.

ఈలోగా కౌంటీ క్లర్క్ ఆఫీసుకి వెళ్లి మీ సబ్‌డివిజన్ ప్లాట్ మ్యాప్, పాత కమిషనర్స్ కోర్టు (పేరుకి కోర్టే గానీ కౌంటీని నడిపే పాలకమండలి) మినిట్స్ తీయించండి. మా మ్యాప్ మీద ఆమోదం సంతకాలన్నీ ఉన్నాయి. రోడ్డు మెయింటెనెన్స్ కౌంటీ చూసుకుంటుంది అన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు.